మీ వాకింగ్ స్పీడ్ ఎవరు నిర్ణయిస్తున్నారు?

మన ఊళ్లో చాలామందికి వాకింగ్ మొదలయ్యేది షుగర్ రిపోర్టు చేతికొచ్చిన రోజునే. డాక్టరు మందులు రాసి, చివర్లో "రోజూ ముప్పావుగంట స్పీడుగా నడవండి" అంటారు. ఇంటికొచ్చాక అదే మాట ఇంకాస్త గట్టిగా వినపడుతుంది. కొడుకు బూట్లు కొనిపెడతాడు, కూతురు ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ వేసిపెడుతుంది, పక్కింటాయన "చెమట పట్టకపోతే అది వాకింగే కాదు మాస్టారూ" అని తేల్చేస్తాడు. కొన్ని వారాలు బాగానే సాగుతుంది. తర్వాత ఒకరోజు వాన, ఒకరోజు చుట్టాల పెళ్లి, ఇంకోరోజు కాళ్ల నొప్పులు, ఆపైన ఆ బూట్లు చెప్పుల స్టాండులో కింది అరకి చేరిపోతాయి.

ఇలా ఆపేసినవాళ్లని మనం ఏమంటామో తెలుసు కదా. బద్ధకం అంటాం, పట్టుదల లేదు అంటాం, వాళ్లు కూడా తలొంచుకుని నిజమేనంటారు. నేను మాత్రం ఒప్పుకోను. డాక్టరు చెప్పిన ఆ వాక్యంలో ఎంతసేపు నడవాలో ఉంది, ఎంత వేగంగా నడవాలో ఉంది, కానీ నడుస్తుంటే మీకెలా ఉంది అన్న ప్రశ్న లేదు. వ్యాయామం మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు గత పాతికేళ్లుగా చేసిన పనిలో పెద్ద భాగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. వాళ్లు కనుక్కున్నవి చదివితే, ఇంట్లోవాళ్లకి మనం ఇచ్చే సలహాలు కొన్ని మార్చుకోక తప్పదు.

నడక మంచిదని తెలియక ఎవరూ మానేయట్లేదు. విజయవాడలో ఏ వీధిలో ఎవరిని ఆపి అడిగినా నడిస్తే షుగర్ తగ్గుతుంది, బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది అని గడగడా చెప్పేస్తారు. అయినా 2022 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగంమంది ఒంటికి కావలసినంత కదలిక లేకుండా గడుపుతున్నారు. మగవాళ్లలో ఇది 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. కావలసినంత అంటే ఎంత? వారానికి కనీసం 150 నిమిషాలు, ఓ మాదిరి శ్రమతో. అంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. నడిచే చోటు లేకపోవడం, ఫుట్‌పాత్ మీద బండ్లు ఉండటం, ఆడవాళ్లకి పొద్దున్నే వంటింటి పని ఉండటం, ఇవన్నీ అసలైన అడ్డంకులే, కాదనను. కానీ గ్రౌండు దగ్గరే ఉండి, టైమ్ ఉండి, బూట్లు కూడా ఉండి మానేసినవాళ్ల సంగతేమిటి? ఈ వ్యాసం వాళ్ల గురించి.

వ్యాయామం చేస్తున్న మనిషి ఆ క్షణంలో ఎలా ఉన్నాడో కొలవడానికి పరిశోధకులు వాడే కొలబద్ద చాలా సింపుల్. చాలా బాగుంటే ప్లస్ 5, చాలా బాధగా ఉంటే మైనస్ 5, అటూ ఇటూ కాకపోతే సున్నా. నడుస్తుండగానే మధ్యలో అడుగుతారు, మీరు ఒక అంకె చెప్తారు, అంతే. 2008లో అమెరికాలో డేవిడ్ విలియమ్స్ అనే పరిశోధకుడి బృందం, అప్పటిదాకా వ్యాయామం అలవాటు లేనివాళ్లని ట్రెడ్‌మిల్ మీద ఓ మాదిరి శ్రమతో నడిపించి ఈ అంకె రాసుకుంది. తర్వాత ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి వాళ్లు ఎంత కదులుతున్నారో చూసింది. మొదటిరోజు ఒక్క అంకె ఎక్కువ చెప్పినవాళ్లు ఆరు నెలల తర్వాత వారానికి సుమారు 38 నిమిషాలు, ఏడాది తర్వాత సుమారు 41 నిమిషాలు ఎక్కువ శ్రమ చేస్తున్నారు. పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి ఆ నిమిషాలని రాతి మీద గీతలా తీసుకోవద్దు. అయితే ఇలాంటివి ఇంకా చాలా జరిగాయి. వాటన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది, అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించిన విషయం ఒకటుంది. వ్యాయామం చేస్తున్నప్పుడు కలిగే హాయికీ, ముందుముందు ఆ మనిషి ఎంత చేస్తాడన్నదానికీ సంబంధం కనపడింది. వ్యాయామం అయిపోయాక కలిగే హాయికి మాత్రం అలాంటి సంబంధం కనపడలేదు.

ఈ తేడా దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి అందరూ చెప్పే ధైర్యం ఏమిటి? "చేసేటప్పుడు కష్టంగానే ఉంటుందండీ, అయ్యాక చూడండి ఎంత హాయిగా ఉంటుందో!" నిజమే, అయ్యాక హాయిగానే ఉంటుంది. కానీ అంత కష్టం ఆగిపోయాక ఎవరికైనా హాయిగానే ఉంటుంది, రేపు పొద్దున్న ఐదున్నరకి అలారం మోగినప్పుడు ఆ హాయి గుర్తురాదు. గుర్తొచ్చేది ఆ నడుమ పడ్డ ఆయాసం, పిక్కల నొప్పి, ముందు వెళ్తున్నవాళ్లని అందుకోలేక పడ్డ ఇబ్బంది. శరీరం తన లెక్క తాను వేసుకుంటుంది, మనం దుప్పటి కప్పుకుంటాం.

ఇక వేగం సంగతి. ఐయోవా స్టేట్ యూనివర్సిటీలో పాంటెలీమన్ ఎక్కెకాకిస్ అనే పరిశోధకుడు ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వ్యాయామం అలవాటు లేని నడివయసు ఆడవాళ్లు, కొందరు బరువు ఎక్కువ ఉన్నవాళ్లు, కొందరు మామూలు బరువున్నవాళ్లు. ఒకరోజు ట్రెడ్‌మిల్ వేగాన్ని వాళ్లనే పెట్టుకోమన్నారు, ఇంకోరోజు వాళ్లు ఎంచుకున్నదానికన్నా సరిగ్గా పది శాతం ఎక్కువ పెట్టి నడిపించారు. పది శాతం అంటే ఎంత? గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషిని ఐదున్నరతో నడవమనడం. బయటినుంచి చూసేవాడికి ఆ తేడా కనపడనే కనపడదు. కానీ బరువు ఎక్కువున్న ఆడవాళ్లలో, తాము ఎంచుకున్న వేగంతో నడిచినప్పుడు నిలకడగా ఉన్న హాయి, ఆ పది శాతం పెరిగేసరికి నిమిషనిమిషానికీ తగ్గుతూ పోయింది. మామూలు బరువున్నవాళ్లలో అలా తగ్గలేదు.

ఇది చదివినప్పుడు నాకు మన గ్రౌండ్లలో రోజూ కనపడే జంటలు గుర్తొచ్చాయి. సిద్ధార్థ కాలేజీ వైపు వెళ్లండి, మున్సిపల్ స్టేడియానికి వెళ్లండి, గుంటూరులో బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియానికి వెళ్లండి, అంతటా ఇదే దృశ్యం. కొడుకు నాలుగడుగులు ముందుంటాడు, వెనక తల్లి. "అమ్మా, కొంచెం స్పీడుగా నడువమ్మా, ఇలా నడిస్తే ఏం లాభం" అంటుంటాడు. ప్రేమతోనే అంటాడు, అందులో సందేహం లేదు. కానీ అతనికి షికారులా ఉన్న వేగం ఆవిడకి పరుగుతో సమానం కావచ్చు, ఆ తేడా అతని ఒంటికి తెలిసే వీలే లేదు.

ఎందుకలా? దీని వెనక శరీరంలో జరిగే పని ఒకటుంది. మెల్లగా నడుస్తున్నప్పుడు కండరాలకి కావలసిన శక్తి దాదాపు అంతా ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది, ఊపిరి ఓ లయలో ఉంటుంది, ఆ పద్ధతిలో చాలాసేపు నడవొచ్చు. వేగం పెంచుతూ పోతే ఒక దశ వస్తుంది. అక్కడినుంచి కండరాల్లో ఆక్సిజన్ లేకుండా జరిగే పని వాటా పెరిగి, అలా పనిచేసే కండరాల్లో తయారయ్యే లాక్టేట్ అనే పదార్థం రక్తంలో పోగవడం మొదలవుతుంది, దాన్ని సర్దుకోవడానికి ఊపిరి ఒక్కసారిగా జోరందుకుంటుంది. ఆ దశని వెంటిలేటరీ థ్రెషోల్డ్ అంటారు, మనం ఊపిరి హద్దు అనుకుందాం. ఎక్కెకాకిస్ 2003లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ హద్దు చుట్టూ అల్లినదే. హద్దుకి కిందుగా ఉన్నంతకాలం చాలామందికి బాగానే ఉంటుంది. హద్దు దగ్గర మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, కొందరికి ఆ సవాలు ఇష్టంగా ఉంటుంది, కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. హద్దు బాగా దాటాక మాత్రం దాదాపు అందరికీ హాయి పడిపోతుంది. అప్పుడు గుండె దడ, ఊపిరి, కండరాల మంట పంపే కబుర్లే మెదడుని నింపేస్తాయి, పాటలు పెట్టుకున్నా, మంచి మాటలు తల్చుకున్నా వాటి గొంతు వినపడదు.

ఆ హద్దు అందరికీ ఒకేచోట ఉండదు, గొడవంతా అక్కడే ఉంది. ఏళ్లుగా ఆడుతున్న పాతికేళ్ల కుర్రాడికి అది పరుగులో ఎక్కడో వస్తుంది. ఏళ్లుగా కుర్చీలో కూర్చుని పనిచేసిన, బరువు పెరిగిన యాభై ఐదేళ్ల మనిషికి నడకలోనే వచ్చేస్తుంది. మీ నాన్నగారి ఫ్రెండు గంటకి 6 కిలోమీటర్లు నడుస్తూ రాజకీయాలు మాట్లాడగలిగితే అది ఆయన హద్దుకి కిందుగా ఉన్నట్టు. అదే వేగం మీ నాన్నగారికి మాట తడబడేలా చేస్తే ఆయన హద్దు దాటినట్టు. ఇద్దరికీ కలిపి "స్పీడుగా నడవండి" అని ఒకటే మాట చెప్పడంలో అర్థం లేదు.

దీనికి తోడు మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, తెల్లారేసరికే గాలిలో ఉక్క ఉంటుంది, ఏడున్నరకల్లా ఒళ్లు తడిసిపోతుంది. ఒళ్లు చల్లబరచుకోవడానికి శరీరం రక్తాన్ని చర్మంవైపు మళ్లిస్తుంది, కండరాలకీ అదే రక్తం కావాలి, రెండు పనులూ చేయడానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. అంటే డిసెంబరులో హాయిగా నడిచిన వేగమే మేలో మిమ్మల్ని హద్దు దాటించేయగలదు. డిసెంబరు వేగాన్నే వాచీలో టార్గెట్‌గా పెట్టుకుని మేలో కూడా అదే నడవాలని చూసి, నడవలేక, నా ఒంట్లో శక్తి తగ్గిపోయిందని టెన్షన్ పడి మానేసేవాళ్లున్నారు. మీలో శక్తి ఎక్కడికీ పోలేదు, ఎండలు ముదిరాయంతే. మేలో నెమ్మదిగా నడవాలని మీ ఒళ్లే చెప్తోంది, వినండి.

ఇప్పటిదాకా చెప్పింది వేగం గురించి. వేగం ఎంత అన్నదానితో పాటు దాన్ని ఎవరు ఎంచుకున్నారు అన్నది కూడా విడిగా పనిచేస్తుంది, ఇది ఇంకా ఆశ్చర్యం కలిగించే సంగతి. 1980లో థాంప్సన్, వాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక హెల్త్ క్లబ్బులో చేరిన ఆడవాళ్లతో చేసిన ప్రయోగం చూడండి. ఏ వ్యాయామాలు ఇష్టమో ముందుగా అందరినీ అడిగారు. తర్వాత సగంమందికి "మీరు ఎంచుకున్నవాటి ప్రకారమే మీ ప్రోగ్రాం తయారుచేశాం" అన్నారు, మిగతా సగానికి "మీ ఇష్టాలతో పనిలేకుండా ఒక ప్రామాణిక పద్ధతి ప్రకారం తయారుచేశాం" అన్నారు. నిజానికి అందరికీ ఇచ్చింది వాళ్లకి ఇష్టమైన వ్యాయామాలే! అయినా ఆరు వారాల్లో తామే ఎంచుకున్నామని నమ్మినవాళ్లు క్లబ్బుకి ఎక్కువసార్లు వచ్చారు. వ్యాయామంలో తేడా లేదు, అది తన నిర్ణయమా, ఎవరో నెత్తిన పెట్టిందా అన్న భావనలోనే తేడా. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెప్తున్నది కూడా ఇదే, మనిషికి తన పని తన చేతిలో ఉందన్న భావన తిండీ నిద్రలాగా ఒక అవసరం, అది లేనిచోట ఉత్సాహం నిలవదు.

ఇంట్లో జరిగేది ఈ వెలుగులో మళ్లీ చూడండి. రిటైరైన మనిషి, జీవితమంతా పదిమందికి చెప్పి పనులు చేయించినాయన, సాయంత్రం ఇంటికొస్తే "ఏవండీ, ఇవాళ ఎన్ని రౌండ్లు వేశారు? ఐదేనా? డాక్టరుగారు ఎనిమిది చెప్పారు కదా" అని అడుగుతారు. ఆ క్షణంలో వాకింగ్ ఆయన సొంతం కాకుండా పోతుంది. ఇక చేతికి పెట్టుకున్న వాచీ కూడా కుటుంబ సభ్యుడిలాగే ప్రవర్తిస్తుంది, పదివేల అడుగులు పూర్తికాలేదని బుర్రుమని కొడుతుంది. ఆ పదివేల అంకె పుట్టుక తెలిస్తే చాలామందికి గుండె తేలికపడుతుంది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు మాంపో-కెయ్, అంటే పదివేల అడుగుల కొలమానం. అది అమ్మకానికి పెట్టిన పేరు, వైద్యులు కొలిచి తేల్చిన హద్దు కాదు.

సరే, ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఎవరిష్టం వాళ్లకి వదిలేస్తే అందరూ నత్తనడక నడుస్తారు, దానివల్ల ఏం ప్రయోజనం? 

మొదటి సంగతి, మనుషులు అలా నడవరు. వేగం మీ ఇష్టమని చెప్పి కొలిచి చూసిన అధ్యయనాల్లో చాలామంది తమంతట తాము ఎంచుకునేది ఆరోగ్యానికి పనికొచ్చే ఓ మాదిరి శ్రమకి దగ్గరగానే ఉంటోంది. నిమిషానికి వంద అడుగులు పడుతుంటే పెద్దవాళ్లలో చాలామందికి అది మాదిరి శ్రమ కిందకే వస్తుంది, ఫోన్లో ఒక నిమిషం టైమ్ పెట్టుకుని మీ అడుగులు లెక్కపెట్టి చూడండి, మీరు అనుకున్నంత నెమ్మదిగా ఏమీ నడవట్లేదని తేలొచ్చు. రెండోది, ఇందాక చెప్పిన విలియమ్స్ బృందమే 2015లో ఈ ప్రశ్ననే నేరుగా పరీక్షించింది. బరువు ఎక్కువున్న 59 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకి ఇంత గుండె వేగంతో నడవాలని చెప్పారు, ఇంకో గుంపుకి మీకు నచ్చిన వేగంతో నడవండి అన్నారు. ఆరు నెలల కాలంలో, నచ్చిన వేగం గుంపు వారానికి సుమారు 26 నిమిషాలు ఎక్కువ నడిచింది. మూడోది, 2019లో హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం పదహారు వేలమందికి పైగా వయసు మళ్లిన ఆడవాళ్ల అడుగుల్ని కొలిచి, తర్వాత కొన్నేళ్లలో మరణాలతో పోల్చింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ, 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం పెరగడం ఆగింది. మొత్తం అడుగుల సంఖ్యని లెక్కలోకి తీసుకున్నాక, అవి ఎంత వేగంగా వేశారన్నదానికి స్పష్టమైన ప్రభావం కనపడలేదు.

అలాగని వేగానికి విలువే లేదని చెప్తే అది అబద్ధమవుతుంది. జపాన్‌లో షిన్షు విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా మార్చి మార్చి ఐదు నెలలు నడిచినవాళ్లకి, ఒకే మాదిరి వేగంతో నడిచినవాళ్లకన్నా తొడల బలం, ఊపిరి సామర్థ్యం ఎక్కువ పెరిగాయి. రీల్స్‌లో జపనీస్ వాకింగ్ పేరుతో తిరుగుతున్నది ఇదే. కాబట్టి ఇష్టంగా వేగంగా నడిచేవాళ్లు నిక్షేపంగా నడవండి, మీకు లాభం ఎక్కువే. నా వాదన వేరే. వేగం వల్ల వచ్చే లాభం నడుస్తున్నవాళ్లకే వస్తుంది, మూడో వారంలో మానేసినవాళ్లకి ఏ లాభమూ రాదు. కొత్తవాళ్లకి మొదటి నెలలోనే వేగం మీద పట్టుబట్టడం అంటే, ఆ లాభం అందుకునే దాకా వాళ్లు మిగలకుండా చేయడమే.

మరి పెంచాలనుకుంటే దేన్ని పెంచాలి? దీనికి నాకు దొరికిన అన్నిటికన్నా పనికొచ్చే జవాబు 2002లో ఫ్లోరిడాలో మైఖేల్ పెర్రీ బృందం చేసిన అధ్యయనం. వ్యాయామం అలవాటు లేని 379 మందికి రోజుకి అరగంట నడక రాసిచ్చారు, అయితే నాలుగు రకాలుగా. కొందరికి వారానికి మూడు నాలుగు రోజులు, కొందరికి ఐదు నుంచి ఏడు రోజులు. మళ్లీ వాటిలో కొందరికి మాదిరి శ్రమ, కొందరికి ఎక్కువ శ్రమ. ఆరు నెలలు గమనించారు. రోజులు ఎక్కువ చెప్పినవాళ్లు ఎక్కువే నడిచారు, రోజులు పెరిగాయని చెప్పినదాన్ని పాటించడం తగ్గలేదు. శ్రమ ఎక్కువ చెప్పినవాళ్లలో మాత్రం పాటించడం తగ్గింది. చూడండి ఎంత తేలికైన సంగతో! మనిషి రోజులు పెంచితే భరిస్తాడు, ఆయాసం పెంచితే భరించడు. మన సలహాలు మాత్రం దీనికి తలకిందులుగా ఉంటాయి, "వారానికి నాలుగు రోజులైనా చాలు గానీ గట్టిగా నడవాలి" అంటుంటాం.

నడక చివర్లో ఏం జరుగుతుందన్నదీ పట్టించుకోవాలి. 2016లో జాకరీ జెంకో, ఎక్కెకాకిస్ తదితరులు సైకిల్ యంత్రం మీద పావుగంట చొప్పున చేయించిన ప్రయోగంలో, ఒక గుంపుకి శ్రమ పెంచుకుంటూ పోయారు, ఇంకో గుంపుకి మొదట ఎక్కువ పెట్టి తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గించుకుంటూ వచ్చినవాళ్లు తర్వాత ఆ వ్యాయామాన్ని ఎక్కువ హాయిగా గుర్తుపెట్టుకున్నారు, మళ్లీ చేస్తే బాగుంటుందని అనుకున్నారు. మన వాకర్లలో ఒక అలవాటుంది, ఆఖరి రౌండు పళ్లు బిగించి లాగించేయడం. దాన్ని మధ్యలోకి తెచ్చుకోండి. ఆఖరి ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగినంత నెమ్మదిగా ఉంచుకోండి.

దారి ఎంచుకోవడంలోనూ ఇదే చూసుకోవచ్చు. ఏలూరు కాలువ పక్కనో, రైవస్ కాలువ పక్కనో ఇల్లున్నవాళ్లు ట్రాఫిక్ ఉన్న ముక్క ముందు దాటేసి, చెట్లున్న ముక్క చివరికి వచ్చేలా తిరిగి రావచ్చు. భవానీపురం వాళ్లకి పున్నమి ఘాట్ దగ్గరుంది, పొద్దున్నే నది గాలి తగిలేచోట నడక ముగుస్తుంటే ఎవరికి ఇష్టం ఉండదు? బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఆ భాగ్యం తక్కువ, వాళ్లకి గ్రౌండే గతి, కనీసం ఎదురుగా హారన్లు మోగని గంట చూసుకోవాలి. గ్రౌండులో గుండ్రంగా తిరగడం కొందరికి విసుగు, వాళ్లు రౌండ్లు మానేసి వీధులు తిరిగినా నడకే, ఎవరూ మార్కులు తగ్గించరు.

మొదటి పది నిమిషాల గురించి కూడా ఒక మాట. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, వ్యాయామం ఎంత బాగుంటుందో మనుషులు ముందే ఊహించినప్పుడు ఉన్నదానికన్నా తక్కువగా ఊహిస్తారని తేలింది, దానికి ఒక కారణం మొదట్లో ఉండే ఇబ్బంది మీదే దృష్టి పెట్టడం. పక్క మీద పడుకుని ఆలోచిస్తే కనపడేది మొదటి పది నిమిషాలే, ఒళ్లు పట్టేసినట్టుండే ఆ పది నిమిషాలు. అందుకని ఆ భాగాన్నే అన్నిటికన్నా తేలికగా పెట్టుకోవాలి, గేటు దాటగానే ఊపు అందుకోవాలనే పంతం వద్దు.

తోడు సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. స్నేహితులతో కలిసి నడిచేవాళ్లు చాలాకాలం నడుస్తారని మనందరికీ అనుభవమే, నాలుగు రోజులు రాకపోతే "ఏం మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని ఫోన్ చేసే మనిషి ఉండటం చిన్న విషయం కాదు. కానీ గుంపు వేగం మీది కాకపోవచ్చు. ఐదుగురిలో నలుగురు చకచకా నడిచేవాళ్లయితే ఐదో మనిషి రోజూ తన హద్దు మీద నడుస్తుంటాడు, సిగ్గుతో చెప్పడు, ఓ రోజు నిశ్శబ్దంగా రావడం మానేస్తాడు. మీ గుంపులో మాట్లాడటం తగ్గించి వింటూ మాత్రమే నడుస్తున్నవాళ్లెవరో గమనించండి. వాళ్లకి ఊపిరి చాలట్లేదన్నమాట. వేగం వాళ్లకి తగ్గట్టు సర్దండి, లేదా కలిసి మొదలుపెట్టి, ఎవరి వేగంలో వాళ్లు నడిచి, చివర్లో టీ దగ్గర మళ్లీ కలవండి.

పౌర్ణమి రోజు ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేసేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తుంది. రోజూ వీధి చివరి కొట్టుకి కూడా బండి మీద వెళ్లే మనుషులు అక్కడ కొండ చుట్టూ, కొందరు చెప్పులు కూడా లేకుండా, అమ్మవారి పేరు తల్చుకుంటూ నడిచేస్తారు. భక్తి ఉంది, అది వేరే శక్తి, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అక్కడ ఇంకోటి కూడా ఉంది, నీ వేగం ఇంత ఉండాలని ఎవరూ చెప్పరు. ముసలావిడ ఆగితే ఆగుతుంది, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ కదులుతుంది, తక్కువ నడిచావని అడిగేవాళ్లుండరు.

డాక్టర్లని నేను తప్పుపట్టట్లేదు, మూడు నిమిషాల్లో ఒక పేషెంటుని చూడాల్సిన చోట ఇంతా అడిగే తీరిక ఎక్కడుంది. ఇంట్లోవాళ్లం మనమే అడగొచ్చు. అమ్మ నడిచి వచ్చాక రౌండ్లు లెక్కపెట్టకుండా, నడుస్తుంటే ఎలా అనిపించింది, ఎక్కడ కష్టమైంది, ఏ దారి బాగుంది అని అడగొచ్చు. ఆవిడకి అంకెలు చెప్పడం ఇష్టమైతే ప్లస్ 5, మైనస్ 5 కొలబద్ద చెప్పండి, ప్లస్‌లో ఉన్నంతవరకూ ఆ వేగం సరైనదే. నడుస్తూ రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలుగుతుంటే హద్దుకి కిందే ఉన్నట్టు. వారాలు గడిచేకొద్దీ అదే దారి అదే హాయితో తక్కువ టైమ్‌లో పూర్తవుతుంటుంది, ఎందుకంటే అలవాటుతో ఆ ఊపిరి హద్దే పైకి జరుగుతుంది. వేగం అలా దానంతటదే వస్తే రానివ్వండి. కావాలనిపించిన రోజు ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా గబగబా నడిచి, మళ్లీ మామూలు నడకలోకి రావచ్చు. ఆ రోజు ఏదో, ఆ స్తంభాలు ఏవో ఆవిడే ఎంచుకోవాలి.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు మాత్రం ఇష్టమైన వేగం అన్నమాటని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. వాళ్లకి డాక్టరు పెట్టిన పై హద్దు ఉంటుంది, ఎంత హుషారుగా ఉన్నా దాన్ని దాటకూడదు. దానికి లోపల ఎంత నెమ్మదిగానైనా వాళ్లిష్టం. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా, చెయ్యి లాగినా అక్కడే ఆగిపోయి, రేపటిదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునే షుగర్ పేషెంట్లు జేబులో కాస్త చక్కెరో, గ్లూకోజు బిళ్లలో ఉంచుకుని బయల్దేరండి.